హనుమంతుడికి కూడా ధైర్యం సరిపోని రాత్రి

 

ఈ వారం వీడియో చూసిన చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నయ్యా, ఆ పాత షార్ట్ ఎందుకు తీసేశారు? మీ ఛానెల్లో ఎక్కువ మంది చూసింది అదే కదా?" వీడియోలో రెండు ముక్కల్లో జవాబు చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నా. పోస్ట్ కాస్త పెద్దది. మీ ఇంట్లో టెన్త్, ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే మాత్రం చివరిదాకా చదవండి.

ఆ షార్ట్ లో నేనన్న మాట ఇది: "నిజమైన భక్తి ఉన్నవాడికి డిప్రెషన్ రాదు. రోజూ హనుమాన్ చాలీసా చదివే ఇంట్లో భయం అడుగుపెట్టదు." వినడానికి బాగుంది కదా? నాకూ బాగానే అనిపించింది. వెనకాల మంచి మ్యూజిక్ పెట్టి నలభై సెకన్లలో చెప్పేశాను. అది ఎవరి చెవిన పడుతుందో, వాళ్ళు ఏ స్థితిలో వింటారో ఆలోచించలేదు. వన్ టౌన్ లోని ఒక స్కూల్లో, ఒక చిన్న చీటీ నాకు ఆ సంగతి నేర్పింది.

వన్ టౌన్ లో ఒక శనివారం

ఒక స్కూల్ హెడ్మాస్టర్ గారు ఫోన్ చేశారు. "తొమ్మిది, పది క్లాసుల పిల్లలకి మానసిక ఆరోగ్యం మీద ఒక ప్రోగ్రాం పెడుతున్నాం. సైకాలజిస్ట్ మేడమ్ వస్తున్నారు. పిల్లలు మీ వీడియోలు చూస్తారు కాబట్టి మీరూ వచ్చి నాలుగు మంచి మాటలు చెప్తే బాగుంటుంది" అన్నారు. సరేనన్నాను. గీతలో అర్జునుడి విషాదం మీద ఇరవై నిమిషాలు మాట్లాడదామని అన్నీ రాసుకున్నాను కూడా.

వన్ టౌన్ తెలియనివాళ్ళకి ఒక్క మాట. వైజాగ్ అంటే బీచ్ రోడ్డు అనుకునేవాళ్ళు ఇటు పెద్దగా రారు. ఊరు మొదలైంది మాత్రం ఇక్కడే. కురుపాం మార్కెట్, పాత బంగారం కొట్లు, జగన్నాథ స్వామి గుడి, పక్కనే హార్బర్. వరసగా మూడు కొండల మీద వెంకన్న గుడి, దర్గా, రాస్ హిల్ చర్చి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు. ఆ రోజు పొద్దున్నే అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, ఆ ఇరుకు సందుల్లోంచి నడుచుకుంటూ స్కూల్ కి వెళ్ళాను.

పై అంతస్తులో పెద్ద హాలు. సుమారు నూట ఇరవై మంది పిల్లలు కింద కూర్చున్నారు. మేడమ్ మైక్ తీసుకుని మొదట ఒక ప్రశ్న వేశారు.

"జ్వరం వస్తే ఎవరికి చెప్తారు?"

"అమ్మకి!" అని హాలంతా ఒకటే అరుపు.

"భయం వేస్తే? ఏ కారణం లేకుండా ఏడుపొస్తే?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వెనక నుంచి ఒక కుర్రాడు, "ఎవలికీ సెప్పం మేడమ్. సెప్తే మెంటలంటారు" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "నువ్వు నిజం చెప్పావు నాన్నా. కూర్చో" అన్నారు.

ఆ 'మెంటల్' అనే మాట నాకూ తెలుసు. మా చిన్నప్పుడు ఎవడైనా తేడాగా ప్రవర్తిస్తే "వీణ్ణి వాల్తేరు పంపించాలి" అని నవ్వుకునేవాళ్ళం. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాల కొన్ని తరాలుగా వేలమందికి వైద్యం చేస్తోంది. మనం దాని పేరుని తిట్టులా వాడుకున్నాం. గుండె జబ్బు వచ్చినవాణ్ణి "కేజీహెచ్ గాడు" అని ఎవరూ వెక్కిరించరు కదా!

ఇలాంటి క్లాసులు ఇప్పుడెందుకు?

మన విశాఖకీ, ఈ విషయానికీ ఒక బాధాకరమైన సంబంధం ఉంది. 2023 జూలైలో, వేరే రాష్ట్రం నుంచి వచ్చి మన ఊళ్ళో హాస్టల్లో ఉంటూ నీట్ కి చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఏం జరిగిందో నిజం తేల్చమని ఆ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2025 జూలై 25న కోర్టు ఆ కేసు దర్యాప్తుని సీబీఐకి అప్పగించింది. అక్కడితో ఆగకుండా, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు గానీ ప్రభుత్వాలు గానీ చట్టం చేసేదాకా ఇవే అమల్లో ఉంటాయని చెప్పింది.

వాటిలో కొన్ని చూడండి. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరు ఉండాలి. టీచర్లకీ, మిగతా సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని వేరు వేరు బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం మానాలి. హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనపడేలా పెట్టాలి.

ఎవరి బిడ్డకో జరిగిన దాని వల్ల వచ్చిన తీర్పు ఇది. మన ఊరి పేరు దానిలో ఉంది. కాబట్టి మనకి బాధ్యత ఇంకొంచెం ఎక్కువ ఉందని నేననుకుంటున్నా.

2022 సంవత్సరానికి జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పిన లెక్క ప్రకారం, మన దేశంలో ఆ ఒక్క ఏడాది 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అంకెని నేను మొదట వేగంగా చదివేసి ముందుకెళ్ళిపోయాను. తర్వాత ఆ హాల్లో కూర్చున్న నూట ఇరవై మందిని చూస్తుంటే గుర్తొచ్చింది. అలాంటి హాళ్ళు వందకి పైగా నిండేంత మంది పిల్లలు.

ఆ చీటీ

మేడమ్ పిల్లలందరికీ చిన్న కాగితాలు పంచారు. "పేరు రాయొద్దు. మీ మనసులో ఉన్న ప్రశ్న ఒకటి రాయండి" అన్నారు. కాగితాలన్నీ ఒక స్టీలు డబ్బాలో వేశారు. చదువు, క్లాసు గురించి అడిగినవి ఆవిడ తీసుకున్నారు. దేవుడి గురించి అడిగినవి నా చేతికిచ్చారు.

"పరీక్షకి ముందు ఏ శ్లోకం చదవాలి?" "దేవుడు ఉంటే మా నాన్న ఎందుకు తాగుతారు?" అలా చదువుకుంటూ వెళ్తున్నా. నాలుగోదో ఐదోదో, పెన్సిల్ తో రాసిన చీటీ వచ్చింది.

"అన్నయ్యా, మీ వీడియోలో భక్తి ఉంటే భయం రాదన్నారు. నేను రోజూ పదకొండుసార్లు చాలీసా చదువుతున్నాను. అయినా పొద్దున్నే స్కూల్ అంటే గుండె దడ వస్తుంది. రాత్రి నిద్ర పట్టదు. నా భక్తిలో ఏం తక్కువైంది?"

నేను దాన్ని పైకి చదవలేదు. మడిచి మళ్ళీ విప్పాను. ఆ బిడ్డకి ముందు నుంచీ ఒక భయం ఉంది. నా వీడియో చూశాక దానికి ఇంకోటి తోడయింది: దేవుడికి కూడా నేను నచ్చలేదేమో అని. మొదటి బరువు ఎవరు పెట్టారో నాకు తెలీదు. రెండోది మాత్రం నేనే పెట్టాను.

చీటీ మేడమ్ కి చూపించాను. ఆవిడ చదివి, "మీరు జవాబు చెప్పండి. మీరు చెప్తేనే పని చేస్తుంది" అన్నారు మెల్లగా.

"రామాయణంలో ఒక ఘట్టం ఉంది మేడమ్. అందులో బతకాలా వద్దా అన్న ఆలోచన వస్తుంది. పిల్లల ముందు చెప్పొచ్చా?"

"చెప్పండి. ఆ మాటెత్తితే పిల్లల బుర్రలో ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ. మర్యాదగా, సూటిగా మాట్లాడితే అప్పటికే ఆ ఆలోచన ఉన్నవాళ్ళకి నోరు విప్పే దారి దొరుకుతుంది. ఎలా అనే వివరాల్లోకి మాత్రం వెళ్ళకండి" అన్నారు.

గీత మీద రాసుకున్న కాగితాలు జేబులో పెట్టేసి మైక్ తీసుకున్నాను. ముందు క్షమాపణ చెప్పాను. "నేను ఒక వీడియోలో తప్పు మాట చెప్పాను. భక్తి ఉన్నవాళ్ళకీ భయం వస్తుంది, దిగులు వస్తుంది. ఆ సంగతి నాకు రామాయణమే చెప్పింది. నేనే సరిగ్గా చదవలేదు" అన్నాను. తర్వాత చెప్పిన కథే ఇది.

లంకలో ఆ రాత్రి

సుందరకాండ మనందరికీ తెలుసు. సముద్రం దాటడం, సీతమ్మ కనపడటం, లంక కాలడం. కష్టాల్లో ఉంటే సుందరకాండ పారాయణ చెయ్యమంటారు. కానీ దాటడానికీ కనపడటానికీ మధ్య ఏం జరిగిందో మనం గబగబా చదివేస్తాం. వాల్మీకి మహర్షి అక్కడ ఆగి, నిదానంగా చెప్పారు.

హనుమంతుడు రాత్రంతా లంకని వెతికాడు. రావణుడి అంతఃపురం, పానశాల, ప్రతి గదీ. సీతమ్మ లేదు. 12వ సర్గలో ఆయనకి దిగులు మొదలవుతుంది. అప్పుడు తనకి తాను ఒక గొప్ప మాట చెప్పుకుంటాడు: నిరుత్సాహపడకుండా ఉండటమే సిరికి మూలం, సుఖానికి మూలం అని. ఈ మాట మోటివేషనల్ పోస్టర్ల మీద మనం చాలాసార్లు చూసే ఉంటాం. ఆ ఊపులో మళ్ళీ లేచి, నాలుగు వేళ్ళంత చోటు కూడా వదలకుండా వెతుకుతాడు.

అయినా దొరకలేదు.

13వ సర్గ తెరిచి చూడండి. అంత గొప్ప మాట అనుకున్న హనుమంతుడే మళ్ళీ కూలిపోతాడు. ఈసారి ఇంకా లోతుగా. ఆయన ఆలోచన ఎలా సాగుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. "నేను ఉత్త చేతులతో వెళ్తే రాముడు బతకడు. రాముడు పోతే లక్ష్మణుడు బతకడు. ఆ వార్త విని భరతుడు, శత్రుఘ్నుడు. పిల్లలు పోతే తల్లులు. ఇటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, మొత్తం వానర జాతి..." ఒక్క రాత్రి ఒక పని కాకపోతే, మనసు లోకమంతా కూలిపోయినట్టు లెక్క కట్టేసింది. చివరికి, "నేను తిరిగి వెళ్ళను. ఇలా బతకడం కంటే పోవడమే నయం" అన్న దాకా వెళ్తాడు.

హాల్లో చడీచప్పుడు లేదు. నేనన్నాను: "ఈ లెక్క మీకు తెలుసు కదా? లెక్కల పరీక్ష పోయింది. పోతే టెన్త్ పోతుంది. టెన్త్ పోతే మంచి కాలేజీ రాదు. నాన్న తలెత్తుకోలేడు. అమ్మ ఏడుస్తుంది. అందరికీ నా వల్లే. రాత్రి రెండింటికి మంచం మీద పడుకుని మీరు వేసే లెక్కా, లంకలో హనుమంతుడు వేసిన లెక్కా ఒకటే."

కొందరు తల దించుకున్నారు. కొందరు ఊపారు.

"ఇప్పుడు చెప్పండి. హనుమంతుడికి భక్తి తక్కువా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ముందు వరసలో ఒక పాప మాత్రం గట్టిగా తల అడ్డంగా ఊపింది.

రామభక్తిలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. బుద్ధిలో, బలంలో సరి లేరు. అలాంటివాడికే ఆ రాత్రి వచ్చింది. వాల్మీకి దాన్ని దాచలేదు. దాచితే హీరో ఇంకా పెద్దగా కనిపించేవాడేమో. కానీ మనలాంటి వాళ్ళకి ఆ కథ ఎందుకూ పనికొచ్చేది కాదు.

మరి ఆయన ఎలా తేరుకున్నాడు? రెండు పనులు చేశాడు. మొదటిది, ఆ ఆలోచన దగ్గర ఆగి దానికి ఎదురు ప్రశ్న వేశాడు. పోవడంలో ఎన్నో కీడులున్నాయి, బతికి ఉంటే ఎప్పటికైనా మంచి కలుగుతుంది కదా, కాబట్టి ప్రాణం నిలుపుకుంటాను అనుకున్నాడు. ఆ ఒక్క మాటతో దుఃఖం మాయమైపోలేదు. చాలాసేపు ఇంకా కొట్టుమిట్టాడాడు. రెండోది, చుట్టూ చూశాడు. పెద్ద పెద్ద చెట్లతో ఒక తోట కనపడింది. "దీన్ని నేనింకా వెతకలేదే!" అనుకున్నాడు. అదే అశోకవనం. అప్పుడు రాముడికి, లక్ష్మణుడికి, సీతమ్మకి, రుద్రుడికి, ఇంద్రుడికి, యముడికి, వాయువుకి అందరికీ నమస్కారం పెట్టి అటు బయల్దేరాడు.

ప్రార్థన చేశాడు, అడుగూ వేశాడు. దణ్ణం పెట్టుకుని అక్కడే కూర్చోలేదు. సహాయం అడగడం, డాక్టర్ దగ్గరికి వెళ్ళడం, అమ్మకి చెప్పడం, ఇవన్నీ మనం ఇంకా వెతకని తోటలే. అన్నీ వెతికేశాం, ఇంకేం లేదు అని మనసు చెప్పే సమయానికి, నిజంగా వెతకని చోటు ఒకటి మిగిలే ఉంటుంది.

ఉంగరం ముందు ఇవ్వలేదు

ఇది బాధపడేవాళ్ళ సంగతి. పక్కన ఉండేవాళ్ళ సంగతి కూడా సుందరకాండలోనే ఉంది. అమ్మానాన్నలూ, టీచర్లూ, ఫ్రెండ్స్, ఈ భాగం మీకు.

అశోకవనంలో సీతమ్మ కనపడింది. రాక్షస స్త్రీలు బెదిరిస్తున్నారు. ఆమె కూడా ఇక బతకలేననే స్థితిలో ఉంది. చెట్టు మీద ఉన్న హనుమంతుడికి అది అర్థమైంది. ఆయన దగ్గర రాముడి ఉంగరం ఉంది. మనమైతే ఏం చేస్తాం? దూకి, "ఇదిగో ఉంగరం, ఏడవకు" అంటాం. "ఎందుకు బాధ? నీకేం తక్కువ?" అంటాం.

హనుమంతుడు ముందు కూర్చుని ఆలోచించాడు. 30వ సర్గ అంతా ఆ ఆలోచనే. నేను మాట్లాడకుండా వెళ్తే ఈవిడ ప్రాణం నిలవదు. పండితుడిలా సంస్కృతంలో మాట్లాడితే రావణుడే అనుకుని భయపడుతుంది. కాబట్టి మామూలు మనుషులు మాట్లాడే భాషలో మాట్లాడాలి. కంగారుగా చేస్తే చెయ్యాల్సిన పని చెడిపోతుంది. ఇలా ఎంత సేపు ఆలోచించాడో! తర్వాత చెట్టు మీద నుంచే, మెల్లగా, ఆమెకి ఇష్టమైన రామకథ చెప్పడం మొదలెట్టాడు.

కిందికి దిగి, చేతులు జోడించి, "అమ్మా, నువ్వెవరు? నీ కళ్ళల్లో ఆ నీళ్ళెందుకు?" అని అడిగాడు. ఆమె ఎవరో ఆయనకి తెలీదా? తెలుసు. తెలిసీ అడిగాడు. ఆమె తన కథ తన నోటితో చెప్పుకుంది. దగ్గరికి వస్తే ఆమె మళ్ళీ అనుమానపడింది. ఆయన కోప్పడలేదు. "ఇంత దూరం నీకోసం వస్తే నన్నే అనుమానిస్తావా" అనలేదు. అడిగిన ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఉంగరం ఇచ్చింది 36వ సర్గలో. ఆలోచన మొదలైన దగ్గర్నుంచి ఉంగరం చేతికి వచ్చేదాకా ఆరు సర్గలు వినడమూ, మాట్లాడటమూ.

మనింట్లో పిల్లాడు "నాకు బాలేదు" అంటే మనం ఎన్ని నిమిషాలు వింటాం? ఒక్క నిమిషం కాకముందే ఉంగరం తీస్తాం. "ధ్యానం చెయ్." "ఫోన్ తగ్గించు." "మా రోజుల్లో ఇవన్నీ లేవు." ఇవి చెప్పొద్దని కాదు. ముందు విని, తర్వాత చెప్పాలి.

ఇంకో సంగతి. 37వ సర్గలో హనుమంతుడు "నా వీపు మీద కూర్చో అమ్మా, ఇప్పుడే తీసుకెళ్తా" అంటాడు. సీతమ్మ వద్దంటుంది. ఆయన బలవంతం చెయ్యలేదు. ఈ కష్టం తీర్చాల్సింది తాను కాదని తెలుసుకుని, ఆమె ఇచ్చిన చూడామణి పట్టుకుని తిరిగి వెళ్ళి రాముడికి చెప్పాడు.

ఇది విని మేడమ్ మైక్ అందుకున్నారు. "మేము చేసే పని కూడా సరిగ్గా ఇదే. మీ ఫ్రెండ్ మీకు బాధ చెప్పుకుంటే మీరు డాక్టర్ అయిపోనక్కర్లేదు. వినండి. వదిలేసి వెళ్ళకండి. తర్వాత నమ్మకమైన పెద్దవాళ్ళకి ఆ మాట చేర్చండి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా సరే, ప్రాణానికి సంబంధించిన రహస్యం మాత్రం దాచకూడదు" అన్నారు. హనుమంతుడు సీతమ్మ మాట తనలోనే దాచుకుని ఉంటే రాముడికి దారి తెలిసేదా?

వెనక నుంచి ఒక అబ్బాయి లేచి, "సార్, మేం మీ దేవుడికి మొక్కం. మాకు కూడా ఇదేనా?" అన్నాడు. మూడు కొండల ఊరు కదా, ఆ ప్రశ్న రావాల్సిందే. "నేను చెప్పింది మా ఇంటి కథ. మీ ఇంట్లో మీ కథ ఉంటుంది. మేడమ్ చెప్పింది మాత్రం అందరిదీ" అన్నాను. వాడు నవ్వి కూర్చున్నాడు.

మేడమ్ చెప్పినవి, నేను రాసుకున్నవి

మానసిక సమస్యల్లో సగం 18 ఏళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. చాలావాటిని ఎవరూ గుర్తించరు, వైద్యం అందదు. అందుకే ఈ మాటలు స్కూల్లోనే చెప్పాలి.

పరీక్ష ముందు భయం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర, ఆకలి మారిపోతే, ఇష్టమైన ఆట మీద కూడా ఆసక్తి పోతే, ఊరికే చిరాకు, కోపం వస్తుంటే, స్నేహితులకి దూరంగా ఉంటుంటే అప్పుడు ఎవరికైనా చూపించాలి. మగపిల్లల్లో దిగులు చాలాసార్లు కోపంలా కనపడుతుంది. "వీడికి పొగరెక్కింది" అనే ముందు ఒకసారి ఆలోచించండి.

"నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఎవరి నోట విన్నా దాన్ని డ్రామా అనుకోవద్దు. రెండు వారాలు ఆగొద్దు. ఆ రోజే, ఆ గంటే పక్కన ఉండి సహాయం పిలవండి.

కేసవుతుందేమోనని కూడా దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, వాళ్ళకి సంరక్షణ, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదనీ చెప్తోంది.

ఈ నంబర్ ఫోన్లో సేవ్ చేసుకోండి: టెలి మానస్, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల కోసం 1098 కూడా ఉంది. ప్రాణాపాయం అనిపిస్తే 112.

అమ్మవారి చెయ్యి

చివర్లో పిల్లల్ని ఒక మాట అడిగాను. "బురుజుపేట అమ్మవారిని చూడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" చేతులు లేవలేదు. వన్ టౌన్ పిల్లలు కదా!

"అమ్మవారికి ఎడమ చెయ్యి ఉందా?"

"లేదు!" అని అందరూ అన్నారు.

అవును, లేదు. పైన గోపురం కప్పు కూడా లేదు. అమ్మవారు ఆకాశం కిందే ఉంటుంది. ఎండకీ వానకీ అలాగే. మార్గశిర మాసం గురువారాల్లో ఎంత క్యూ ఉంటుందో మీకు తెలుసు. "ఆ చెయ్యి బాగయ్యాక వచ్చి దణ్ణం పెడతాం" అని ఎవరైనా అన్నారా? చెయ్యి లేదు కాబట్టి అమ్మవారి మహిమ తక్కువ అని ఎవరైనా అన్నారా? పైగా మధ్యలో ఎవరూ లేకుండా, మన చేత్తో మనమే పసుపు కుంకుమ పెట్టి, తాకి మొక్కుకుంటాం. 

వెలితి ఉన్న రూపాన్నే లక్ష్మి అని కొలిచే ఊరు మనది. అలాంటి ఊళ్ళో పుట్టి, మనసుకి గాయమైన పిల్లాణ్ణి "మెంటల్" అని ఎలా అనగలం? "నాలో ఏదో తక్కువైంది" అని ఒక బిడ్డ అమ్మవారికి మొహం చాటేస్తే, అది ఆమెకి ఎంత బాధ!

కాబట్టి ఆ పెన్సిల్ చీటీ రాసిన తమ్ముడికో చెల్లికో ఆ రోజు చెప్పిన మాటే మళ్ళీ రాస్తున్నా. నీ భక్తిలో ఏమీ తక్కువ కాలేదు. గుండె దడ రావడం పాపం కాదు, దానికి వైద్యం ఉంది. చాలీసా మానొద్దు. పదకొండుసార్లు కుదరకపోతే ఒక్కసారి చదువు. చదివాక మేడమ్ దగ్గరికి వెళ్ళు. హనుమంతుడు నిన్ను తిట్టడు. ఆయనకి ఆ రాత్రి ఎలా ఉంటుందో తెలుసు.

ప్రోగ్రాం అయ్యాక మేడమ్ ఒక ఖాళీ క్లాస్ రూమ్ లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నలుగురైదుగురు పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి వచ్చారు. ఆ చీటీ రాసింది వాళ్ళలో ఎవరో, అసలు వాళ్ళలో ఉన్నారో లేదో నాకు తెలీదు. నేను అటు చూడకుండా మెట్లు దిగి వచ్చేశాను.

ఆ సాయంత్రమే షార్ట్ తీసేశాను. తీసేస్తే సరిపోదని, ఈ వారం వీడియోలో తప్పు ఒప్పుకున్నాను. ఆ పాత క్లిప్ మీ గ్రూపుల్లో ఇంకా తిరుగుతుంటే, దయచేసి దాని కింద ఈ పోస్ట్ పెట్టండి.

ఈ శనివారం మీకో చిన్న పని ఇస్తున్నా. సుందరకాండ 13వ సర్గ తెలుగు తాత్పర్యం ఒకసారి చదవండి. అయ్యాక, చాన్నాళ్ళుగా "బానే ఉన్నా" అని మాత్రమే చెప్తున్న ఎవరో ఒకరికి ఫోన్ చెయ్యండి. సలహా ఏమీ ఇవ్వొద్దు. "ఎలా ఉన్నావ్, నిజంగా చెప్పు" అని అడిగి, వాళ్ళు చెప్పేది వినండి.

ఆ ఒక్కరూ మీరే అయితే 14416 కి ఫోన్ చెయ్యండి. మీరింకా వెతకని తోట అదే కావచ్చు.

జై హనుమాన్. వచ్చే వారం కలుద్దాం.